పదహారేళ్ళ అబ్బాయి తాగి ఇంటికొచ్చాడు: తప్పంతా స్నేహితులదేనా? ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అబ్బాయికి పదహారేళ్ళు. నెలలో రెండుసార్లు తాగి ఇంటికొచ్చాడు. తిట్టారు, ఫోను లాక్కున్నారు, ఒట్టు కూడా వేయించుకున్నారు. అంతా ఆ స్నేహితుల వల్లేనని మీ నమ్మకం. "ఇంట్లో మన కళ్ళెదుటే కాస్త పోస్తే మోజు తీరిపోతుంది" అని మీ బావగారి సలహా. పన్నెండేళ్ళ అమ్మాయి కూడా ఉంది, ఆమె విషయంలో ముందే ఏం జాగ్రత్త పడాలని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇంట్లో పోయకండి. స్నేహితులు కారణంలో ఒక ముక్క మాత్రమే, వాళ్ళని దూరం చేసినంత మాత్రాన తాగుడు ఆగదు. మందు మీ అబ్బాయికి ఏ పని చేసిపెడుతోందో ముందు కనిపెట్టాలి. భయం పోగొడుతోందా, నిద్ర పట్టిస్తోందా, నలుగురిలో కలుపుతోందా, లేక ఊరికే హుషారా? దాన్నిబట్టి పరిష్కారం తేలుతుంది. ఈలోగా ఇంట్లో సీసాలు, చేతిలో లెక్కలేని డబ్బు, పెద్దవాళ్ళెవరూ లేని గంటలు, ఈ మూడింటినీ కట్టడి చేయాలి. అమ్మాయి విషయంలో గురి ఒక్కటే: మొదటి గుక్క ఎంత ఆలస్యమైతే అంత మంచిది.

బావగారి సలహా చాలా ఇళ్ళలో వినిపించేదే, దురుద్దేశంతో చెప్పేదేమీ కాదు. కానీ లెక్కలు దానికి ఎదురు తిరుగుతున్నాయి. ఆస్ట్రేలియాలో సుమారు 1,900 మంది పిల్లల్ని, వాళ్ళ తల్లిదండ్రుల్ని ఆరేళ్ళపాటు వెంబడించిన అధ్యయనం 2018లో వెలువడింది. తల్లిదండ్రులే పోసిచ్చిన పిల్లలు బయట తాగడం మానలేదు సరికదా, వేరేవాళ్ళ దగ్గర సంపాదించుకోవడం, ఒకే విడతలో ఎక్కువ తాగడం వాళ్ళలోనే ఎక్కువగా కనిపించింది. ఎందుకంటే మీరు "ఇంత వరకే" అని పోస్తారు, పిల్లవాడికి మాత్రం "మా ఇంట్లో ఒప్పుకుంటారు" అన్నదే వినబడుతుంది. "ఇంత వరకే" అన్నది గ్లాసుతోపాటే ఖాళీ అవుతుంది.

ఆలస్యం ఎందుకంత ముఖ్యం? అమెరికాలో జాతీయ స్థాయి సర్వే ఆధారంగా 1997లో ప్రచురించిన లెక్క ఒకటుంది. పదిహేనేళ్ళు నిండకముందే తాగడం మొదలుపెట్టినవాళ్ళలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్ళలో అది 10 శాతం దగ్గర ఉంది. ఇక్కడో మెలిక ఉంది. దుడుకు పిల్లలు, ఇంట్లో కష్టాలున్న పిల్లలు ఎలాగూ ముందే మొదలుపెడతారు కాబట్టి తేడా అంతా వయసు వల్లే అనడానికి లేదు. అయినా ఒక్కో ఏడాది వెనక్కి నెట్టడం వల్ల పోయేదేమీ లేదు.

ఈ వయసులో మందు పెద్దవాళ్ళలో చేసినట్టు పనిచేయదు

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఇది. పెద్దవాళ్ళకు కొంత తాగేసరికి మత్తు, తూలడం, నిద్ర వస్తాయి. అవే వాళ్ళని ఆపుతాయి. కౌమారంలో ఆ ఆపే గుణాలు తక్కువగా తెలుస్తాయి, నోరు విప్పించే గుణం, కలివిడితనం ఎక్కువగా తెలుస్తాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనబడింది. అంటే ఒళ్ళు "ఇక చాలు" అనే లోపే పిల్లవాడు చాలా దూరం వెళ్ళిపోతాడు. జ్ఞాపకశక్తి మీద దెబ్బ మాత్రం తక్కువేమీ కాదు. ముందుచూపు, నిగ్రహం చూసుకునే మెదడు ముందుభాగం పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది.

"నాకు ఎంత తాగినా ఎక్కదు" అని గొప్పగా చెప్పే పిల్లలుంటారు. తోటివాళ్ళు దాన్ని మెచ్చుకుంటారు కూడా. నిజానికి అదే ప్రమాద సూచన. తక్కువగా ఎక్కేవాళ్ళే ఎక్కువ తాగుతారు, ముందుముందు అలవాటులో పడే అవకాశం వాళ్ళకే ఎక్కువ. ఇది కొంత వంశంలో నడుస్తుంది. మద్య వ్యసనానికి లోనయ్యే అవకాశంలో దాదాపు సగం వంశపారంపర్యం. మీ రెండు వైపులా దగ్గరి బంధువుల్లో తాగుడుతో పాడైనవాళ్ళుంటే, సిగ్గుపడకుండా ఆ మాట పిల్లలకు చెప్పండి. "మన ఇంట్లో ఇది తొందరగా పట్టుకుంటుంది, అందుకే నీకు మిగతావాళ్ళకంటే జాగ్రత్త ఎక్కువ అవసరం" అంటే తిట్టులా ఉండదు, సమాచారంలా ఉంటుంది.

కొలతలు కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే "ఒక్కటే తాగాను" అన్న మాటకు అర్థం సీసాను బట్టి మారిపోతుంది. మిల్లీలీటర్లను శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్ళీ 0.79తో గుణిస్తే ఎన్ని గ్రాముల ఆల్కహాలో వస్తుంది. 5 శాతం బీరు 330 మి.లీ. అంటే 13 గ్రాములు. 40 శాతం మందు 30 మి.లీ. అంటే తొమ్మిదిన్నర గ్రాములు, అదే 180 మి.లీ. అంటే 57 గ్రాములు. పెద్దవాళ్ళ కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. ఆ 180 మి.లీ. దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు కావాలి. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, ఏదీ దాన్ని వేగిరపరచదు.

పెద్దవాళ్ళలో రెండు గంటల్లో ఆడవాళ్ళు నాలుగు, మగవాళ్ళు అయిదు డ్రింకులు (ఒక్కోటి 14 గ్రాముల లెక్కన) తాగితే దాన్ని మితిమీరిన తాగుడు అంటారు. అమ్మాయిలకు, చిన్న వయసు అబ్బాయిలకు ఆ గీత ఇంకా కింద ఉంటుంది. పదిహేడేళ్ళ దాకా అమ్మాయిలకు మూడు, పద్నాలుగు పదిహేనేళ్ళ అబ్బాయిలకు నాలుగు, పదహారు పదిహేడేళ్ళ అబ్బాయిలకు మాత్రం మగవాళ్ళకున్నట్టే అయిదు. ఎనర్జీ డ్రింకులో కలిపి తాగితే మరీ ప్రమాదం. కెఫీన్ నిద్రమత్తును కప్పిపెడుతుంది తప్ప రక్తంలో ఆల్కహాలును తగ్గించదు. బాగానే ఉన్నాననుకుని ఇంకా తాగుతాడు, బండి కూడా తీస్తాడు.

అసలు ఎందుకు తాగుతారు

"చెడు సావాసం" అన్నది సగం నిజం. తోటివాళ్ళు లాగుతారు, అది నిజమే. కానీ తాగాలని మనసున్న పిల్లవాడు తాగే గుంపును వెతుక్కుంటూ వెళ్తాడు కూడా. ఒక గుంపును మాన్పిస్తే నెలలో ఇంకోటి దొరుకుతుంది. పైగా ఈ వయసులో అందరిదీ ఒకే భ్రమ: "మా క్లాసులో అందరూ తాగుతారు." తోటివాళ్ళు ఎంత తాగుతున్నారని అడిగితే పిల్లలు ఉన్నదానికంటే ఎక్కువే చెబుతారు, ఎందుకంటే తాగి గోల చేసినవాడు అందరికీ కనబడతాడు, తాగకుండా ఇంటికెళ్ళిన పదిమంది ఎవరికీ గుర్తుండరు. ఈ మాట మీరు చెబితే పనిచేయదు. "మొన్న వెళ్ళిన ఎనిమిది మందిలో ఎవరెవరు తాగలేదు?" అని అడిగి, లెక్క వాడితోనే పెట్టించండి.

స్వభావాన్ని బట్టి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పట్రీషియా కాన్‌రాడ్ అనే పరిశోధకురాలి బృందం పిల్లల్ని నాలుగు రకాల స్వభావాలుగా చూసి, ఒక్కో రకానికి తొంభై నిమిషాల చొప్పున రెండు తరగతులు మాత్రమే పెట్టి మంచి ఫలితాలు చూపించింది. ఆ విభజన ఇంట్లోనూ పనికొస్తుంది.

ఒకరు నిరాశలో ఉన్నవాళ్ళు. "ఏం చేసినా ఇంతే" అనుకునేవాళ్ళు, బాధ మొద్దుబారడానికి తాగుతారు. వీళ్ళు ఒంటరిగా తాగే రకం, అందుకే తొందరగా బయటపడదు. ఇక్కడ అసలు వైద్యం డిప్రెషన్‌కి చేయాలి. రెండోవాళ్ళు గుండెదడకు, వణుకుకు భయపడేవాళ్ళు. నలుగురిలో మాట పెగలదు, రెండు గుక్కలు పడితే పెగులుతుంది. ఆ ఉపశమనం ఇరవై నిమిషాల్లో వస్తుంది కాబట్టి అలవాటు గట్టిగా పడుతుంది. మర్నాడు మందు దిగేటప్పుడు ఆందోళన రెట్టింపు అవుతుంది, దానికి మళ్ళీ మందే విరుగుడులా కనిపిస్తుంది. మూడోవాళ్ళు ఆలోచించేలోపే చేసేసేవాళ్ళు. వీళ్ళలో ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఉండి ఎవరూ గుర్తించకపోవడం మామూలే. చిన్నప్పట్నుంచీ "అల్లరి" అని కొట్టిపారేసి ఉంటారు. నాలుగోవాళ్ళు థ్రిల్ కావాల్సినవాళ్ళు, వీళ్ళకి ఏ బాధా ఉండదు, విసుగే వీళ్ళ శత్రువు. వీళ్ళని "చదువుకో, ఇంట్లో కూర్చో" అని కట్టేస్తే పని చెడుతుంది. కొండలెక్కడం, ఈత, పోటీ ఆటలు, స్టేజీ, ఒంట్లో వేడి పుట్టించేదేదో ఒకటి కావాలి.

వీటికి తోడు నిద్ర. రాత్రి రెండింటి దాకా మేలుకునే పిల్లవాడికి మందు తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ తెల్లవారుజాము నిద్రను చెడగొడుతుంది. మర్నాడు చిరాకు, మళ్ళీ రాత్రి నిద్ర పట్టకపోవడం. ఎవరైనా ఏడిపించడం, హింస, లైంగిక వేధింపు లాంటివి వెనుక ఉంటే పిల్లలు అంత తేలిగ్గా చెప్పరు. ఉన్నట్టుండి మార్కులు పడిపోయి, పాత స్నేహితులందరినీ ఒకేసారి వదిలేసి, తాగుడు కూడా మొదలైతే ఆ దిశలో అనుమానించాలి.

మాట్లాడడం ఎలా

తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి. పొద్దున తలనొప్పితో ఉన్నప్పుడూ వద్దు. మర్నాడు సాయంత్రం, కడుపు నిండాక, ఇద్దరే ఉన్నప్పుడు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నడుస్తూనో, బండిలో వెళ్తూనో అయితే నోరు తొందరగా తెరుచుకుంటుంది. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి.

"ఎందుకు తాగావు?" అని అడిగితే వచ్చే జవాబు "ఏమో". దాని బదులు ఇలా: "తాగినప్పుడు నీకు ఏం బాగుంటుంది?" వాడు ఆశ్చర్యపోతాడు. "ఏం లేదు, ఊరికే… టెన్షన్ ఉండదు" అంటాడేమో. మీరు వెంటనే అందుకోకండి, రెండు క్షణాలు ఆగండి. "టెన్షన్ అంటే, దేని గురించి?" ఆ తర్వాతే "మరి బాగుండనిది ఏంటి?" ఈ వరస తారుమారు చేయొద్దు. మంచి ముందు అడిగితేనే చెడు వాడి నోటితో వాడే చెబుతాడు, మీరు చెప్పిన వంద మాటల కంటే వాడు చెప్పిన ఆ ఒక్కటే వాడిమీద పనిచేస్తుంది.

తర్వాత నియమం. అది ఒక్క వాక్యంలో ఉండాలి: "ఈ ఇంట్లో చట్టం ఒప్పుకునే వయసు వచ్చేదాకా తాగడం లేదు." శిక్ష చిన్నదిగా, తప్పకుండా అమలయ్యేదిగా ఉండాలి. మూడు నెలలు ఫోను ఉండదంటారు, పదో రోజున మీ అవసరానికి మీరే తిరిగి ఇస్తారు. అది శిక్ష కాదు, మీ మాటకు విలువ లేదని నేర్పడం. రెండు వారాంతాలు సాయంత్రం బయటికి వెళ్ళకూడదనండి, మూడో వారం పంపించండి. ఒట్లు వేయించడం మానుకోండి. ఒట్టు తప్పిన పిల్లవాడికి నిజం చెప్పే దారి మూసుకుపోతుంది.

ఫోన్ ఒప్పందం తప్పకుండా పెట్టుకోండి. ఏ వేళైనా, ఎక్కడున్నా, తాను తాగినా, బండి నడిపేవాడు తాగినా, ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తారు, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరు. మర్నాడు మాట్లాడతారు. ఇది తాగడానికి అనుమతి అనుకోనక్కర్లేదు, ప్రాణం కాపాడే ఏర్పాటు. దీనికో అనుబంధం: గుంపులోంచి బయటపడలేనప్పుడు ముందే అనుకున్న గుర్తు ఒకటి మెసేజ్ పంపిస్తాడు, మీరు వెంటనే ఫోన్ చేసి "ఇప్పుడే ఇంటికి రా" అని పక్కవాళ్ళకు వినబడేలా కసురుకుంటారు. చెడ్డపేరు మీ మీద పడనివ్వండి.

"వద్దు" అనడం కూడా సాధన చేస్తేనే వస్తుంది. ఉపన్యాసంలా "ఆరోగ్యానికి మంచిది కాదు" అంటే గుంపు నవ్వుతుంది. "రేపు పొద్దున్నే ప్రాక్టీసుంది", "మా నాన్న వాసన చూస్తాడు", ఇలాంటి పొట్టి మాటలు నిలబడతాయి. చేతిలో ఇంకేదో గ్లాసు ఉంటే అడిగేవాళ్ళూ తగ్గుతారు.

ఇంటి సంగతి

ఇంట్లో మందు ఉంటే తాళం వేయండి, కుదిరితే ఉంచకండి. సీసా మీద గీత పెట్టడం దండగ, నీళ్ళు కలిపి గీత దాకా తెస్తారు. మీరు తాగేవాళ్ళైతే ముఖ్యంగా రెండు పనులు మానండి. పిల్లల చేత సీసా, గ్లాసు, ఐసు తెప్పించుకోవద్దు. "ఇవాళ తల పగిలిపోతోంది, ఒకటి పడితేగానీ…" అన్న మాట వాళ్ళ చెవిన పడనివ్వద్దు. కష్టానికి మందే మందు అన్న పాఠం అక్కడే మొదలవుతుంది.

ఖాళీ గంటలు, డబ్బు గురించి ఒక దేశం అనుభవం చెప్పుకోదగ్గది. ఐస్‌లాండ్‌లో 1998లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది ముందు నెలలో ఒక్కసారైనా తాగి మత్తెక్కినవాళ్ళే. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. భయపెట్టే పాఠాలతో సాధించింది కాదు అది. రాత్రిపూట పిల్లలు బయట తిరిగే వేళలకు హద్దు పెట్టారు, ఆటలకూ సంగీతానికీ కుటుంబాలకు డబ్బు సాయం చేశారు, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒకే నియమాలు పెట్టుకున్నారు. చివరిది మీరూ చేయొచ్చు. అబ్బాయి స్నేహితుల ఇళ్ళలో నలుగురు తల్లిదండ్రుల నంబర్లు మీ దగ్గర ఉంటే "వాళ్ళింట్లో ఉన్నాను" అన్న అబద్ధం చెల్లదు.

బడుల్లో పోలీసుల చేత చెప్పించే భయంకర ఉపన్యాసాల సంగతి: అమెరికాలో 1983లో మొదలైన డేర్ అనే కార్యక్రమం లక్షలమంది పిల్లలకు అలాగే చెప్పింది. తర్వాత పరీక్షించి చూస్తే తాగుడు మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేలింది. పాడైన కాలేయం బొమ్మ పదహారేళ్ళ వాడికి ముప్పై ఏళ్ళ తర్వాతి సంగతి. రేపటి మ్యాచ్, ఫోనులో తిరిగే వీడియో, వాంతి చేసుకున్న చొక్కా, ఇవి ఈ వారం సంగతులు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి

పన్నెండు నుంచి ఇరవై ఒక్కేళ్ళ వాళ్ళకు క్రాఫ్ట్ అనే ఆరు ప్రశ్నల పరీక్ష ఉంది. తాగినవాళ్ళు నడిపే బండి ఎక్కాడా, తానే నడిపాడా? తేలికపడడానికో, నలుగురిలో కలవడానికో తాగుతున్నాడా? ఒంటరిగా తాగుతున్నాడా? తాగినప్పుడు చేసినవి మర్చిపోతున్నాడా? ఇంట్లోవాళ్ళో స్నేహితులో తగ్గించమన్నారా? తాగి గొడవల్లో ఇరుక్కున్నాడా? రెండింటికి అవునంటే నిపుణులు చూడాలి. ఇవి మీరు విచారణలా అడిగితే అన్నిటికీ "లేదు" వస్తుంది. డాక్టరు ఒంటరిగా కూర్చోబెట్టి అడగడమే సరైన పద్ధతి, ఆ పది నిమిషాలు మీరు బయట ఉండాలి.

చేయకూడనివి కొన్ని. వాడికి తెలియకుండా తిండిలో మందు మాన్పించే మాత్రలు, పొడులు కలపొద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, పైన మందు పడగానే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పెద్ద తాగుబోతులుండే డీఅడిక్షన్ వార్డులో బలవంతంగా చేర్పించొద్దు. ఇలాంటి గుంపుల్లో పిల్లలు ఒకరి నుంచి ఒకరు కొత్త అలవాట్లు నేర్చుకుని రావడం ఉంది. ఇంట్లో మూత్ర పరీక్ష కిట్లు కూడా పెద్దగా ఉపయోగం లేనివే. ఆల్కహాలు గంటల్లో పోతుంది, నమ్మకం పోతే మాత్రం తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది. ఒకవేళ రోజూ తాగే స్థితిలో ఉంటే ఒక్కసారిగా ఇంట్లోనే మాన్పించొద్దు. మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, వైద్యుల పర్యవేక్షణ కావాలి.

తాగి పడిపోయి ఉంటే: పిలిచినా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, శ్వాసకూ శ్వాసకూ మధ్య పది సెకన్లు దాటడం, ఒళ్ళు చల్లబడి పెదాలు నీలిబడడం, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే అంబులెన్స్ పిలవాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, వేలు పెట్టి వాంతి చేయించకూడదు. "పడుకుంటే దిగిపోతుంది" అని వదిలేయడం ఘోరమైన పొరపాటు. కడుపులో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పిల్లల్లో చక్కెర కూడా పడిపోతుంది.

అమ్మాయి విషయం

పన్నెండేళ్ళకు దీని గురించి మాట్లాడడం తొందరేమీ కాదు. ఆ వయసులో "నువ్వు తాగావా?" అని కాకుండా "మీ క్లాసులో ఎవరైనా రుచి చూశామని అంటున్నారా?" అని మొదలుపెట్టాలి. ఒక పెద్ద ఉపన్యాసం కంటే అయిదేసి నిమిషాల కబుర్లు పది మేలు. బడి మారేటప్పుడు, మొదటిసారి స్నేహితులతో రాత్రి ఉండేటప్పుడు మళ్ళీ ఒకసారి గుర్తు చేయండి. పిల్లలు ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా నిఘా వల్ల కాదు, పిల్లలు చెప్పడం వల్ల. ఆమె ఏదైనా చెప్పినప్పుడు మీ మొహం ఎలా మారుతుందో ఆమె గమనిస్తుంది. అన్న విషయంలో మీరు ఎలా ప్రవర్తిస్తున్నారో కూడా ఇప్పుడు చూస్తూనే ఉంది.

మీరు రాసినదాన్నిబట్టి మీ అబ్బాయిది ఇంకా తొలి దశలాగే ఉంది, కానీ ఖాయంగా చెప్పడానికి నాలుగు వివరాలు కావాలి. ఆ రెండుసార్లూ వారంలో ఏ రోజు, ఎంతమందితో, ఏం ఎంత తాగాడు? మర్నాడు జరిగిందంతా గుర్తుందా? గత ఆరు నెలల్లో నిద్ర, మార్కులు, స్నేహితులు ఏమైనా మారాయా? దగ్గరి బంధువుల్లో తాగుడు సమస్య ఉందా? ఇవి కింద రాయండి, ఏ రకం నిపుణుల దగ్గరికి ముందు వెళ్ళాలో దాన్నిబట్టి చెబుతాను.